మే నెల పత్రిక ఏప్రిల్లోనే వచ్చింది

హెడ్లీ ఓర్మెరాడ్‌కు పుట్టి బుద్ధెరిగాక కుదురన్నది లేదు. కొండ మీది థార్న్‌క్లఫ్ నుంచి కింద మిల్లు ఊళ్ళ దాకా ముప్ఫై ఏళ్ళకు పైగా బస్సు నడిపాడు. అది కూర్చుని చేసే ఉద్యోగమే కదా అనకండి, కూర్చున్న సీటు కదులుతూ ఉండబట్టే కూర్చున్నాడు మహానుభావుడు. రిటైరైన మర్నాటి నుంచి ఇంట్లో కాలుకాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు. టీ కూడా నిలబడే తాగేవాడు. భార్య మేబెల్ ఓర్చుకున్నన్నాళ్ళు ఓర్చుకుని, "ఏమయ్యా, నా వంటింట్లో ఇంకో చుట్టు తిరిగావంటే నీకు టిక్కెట్టు కొడతా" అని బయటికి తరిమేసేది.

మేబెల్‌కు ఒక మడి ఉంది. రైలుకట్ట పక్కన కౌన్సిలువాళ్ళు అద్దెకిచ్చే కూరగాయల మడుల్లో చిట్టచివరిది. ఆమెకు ముందు అది ఆమె తండ్రిది. ఆయన నేతమిల్లులో చాకిరీ చేసి వచ్చి, చీకటి పడేదాకా అక్కడే ఉండేవాడు. పోయే ముందు వారంలో కూతుర్ని పిలిచి మడితో పాటు తన తీగచిక్కుడు గింజలు కూడా చేతిలో పెట్టాడు. ఆ చిక్కుడు ఏ విత్తనాల కొట్లోనూ దొరకదు. పువ్వు సగం ఎరుపు, సగం తెలుపు. గింజ బూడిదరంగు, దాని మీద నల్లచుక్కలు. ఆగస్టులో జరిగే కూరగాయల పోటీల్లో ముసలాయన దాంతోనే ఏటా అందరి నోళ్ళూ మూయించేవాడు, అందుకే ఒక్క గింజ కూడా గడప దాటనిచ్చేవాడు కాడు. మేబెల్ కూడా ఆ మాట తప్పలేదు. ఏటా మంచి కాయలు కొన్ని తీగ మీదే ఎండనిచ్చి, గింజలు ఒలిచి, పాత బిస్కెట్ల డబ్బాలో పోసి దాచేది. కిందటేడు వానలకు కాపు పాడై, డబ్బా అడుగున రెండు గుప్పిళ్ళు మిగిలాయి. లోకం మొత్తం మీద ఆ చిక్కుడు ఉన్నది ఆ డబ్బాలోనే.

ఫిబ్రవరిలో మడి గేటు దగ్గర మంచు మీద కాలు జారి మేబెల్‌కు తుంటి విరిగింది. పక్క ఊరి ఆసుపత్రిలో ఆపరేషను చేశారు. మళ్ళీ నడవడం కష్టమని ఒక డాక్టరు, నడుస్తుందిలే అని ఇంకో డాక్టరు. హెడ్లీకి ఆ రెండో మాట చెవిన పడలేదు. లోపల భయం పట్టుకుంది. భయం పట్టినవాడు ఇంకొకడైతే మంచం ఎక్కుతాడు, హెడ్లీ లాంటివాడు పార పట్టుకుంటాడు.

మేబెల్ మంచం మీద నుంచే చెప్పింది. "గింజలు బల్ల పైన డబ్బాలో ఉన్నాయి. సగమే పెట్టు, సగం ఉంచు. రైలుకట్ట మీది ముళ్ళపొదల కంచె తెల్లగా పూసేదాకా డబ్బా మూత తియ్యకు. వింటున్నావా?"

"విన్నానే తల్లీ, విన్నాను."

"వినడం కాదు. కాసేపు ఇక్కడ కూర్చో."

"కూర్చుంటే పనెట్లా అవుతుంది?" అని పది నిమిషాలైనా కాకుండానే టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ప్రతిసారీ అంతే. వార్డులో నర్సులు, "మీ ఆయన బస్సు వదిలి వచ్చాడా ఏమిటి, కింద జనం ఎదురుచూస్తున్నారా?" అని నవ్వేవాళ్ళు.

హెడ్లీకి మొక్కల సంగతి ఓనమాలు కూడా తెలియవు. అడగడానికి మొహమాటం. అందుకని సందు చివరి పేపర్ల కొట్టుకు వెళ్ళాడు. ఇంగ్లీషువాళ్ళకు టీ తరవాత తోట పత్రికలే కదా, ఒక గోడ గోడంతా అవే ఉన్నాయి. ఏది మంచిదో తెలియక నాలుగు తెచ్చుకున్నాడు. ఒకటి పెద్దింటి తోటల పత్రిక, దాంట్లో అన్నీ రంగుబొమ్మలే. ఒకటి లోతుగా తవ్వమంటుంది. ఒకటి అసలు పార ముట్టుకోవద్దు, మట్టి మీద అట్టముక్కలు పరిచి ఊరుకోమంటుంది. నాలుగోది నెలనెలా చేయాల్సిన పనులు చెబుతుంది. సోమవారం తవ్వినవాడు బుధవారం దాని మీద అట్టలు పరిచాడు, శనివారం అట్టలు పీకి మళ్ళీ తవ్వాడు.

పక్క మడి ఆర్నల్డ్ సగ్డెన్‌ది. ఒకప్పుడు ఇంటింటికీ బొగ్గు మోసిన మనిషి. పైపు నోట్లోనే పెట్టుకుని అడిగాడు. "ఏమోయ్ హెడ్లీ, ఊపిరి పీల్చుకోమని పత్రికలో ఎప్పుడు వేస్తారట?"

"నీకేం తెలుసు. వీళ్ళంతా చదువుకున్నవాళ్ళు."

"కాదన్నానా. ఆ చదువుకున్నవాళ్ళు ఎక్కడుంటారో చూశావా? సముద్రం పక్కన, దక్షిణాన. అక్కడ జనవరిలోనే చొక్కాలు విప్పుకుని తిరుగుతారు, మన ఉత్తరాది కొండల చలి వాళ్ళకేం తెలుసు."

హెడ్లీకి ఒళ్ళు మండింది. వినిపించుకోలేదు.

ఏప్రిల్ రెండోవారంలో నెలవారీ పనుల పత్రిక కొత్తది వచ్చింది. అట్ట మీద పెద్ద అక్షరాలతో మే అని ఉంది. ఈ పత్రికలన్నీ ఇంతే, పోటీ పడి ఒకరికంటే ఒకరు ముందు బజారుకెక్కి, నెల రాకముందే నెల పేరు పెట్టుకుంటాయి. ఏళ్ళ తరబడి కొనేవాళ్ళు దాన్ని పక్కన పెట్టి, నెల వచ్చాక తీస్తారు. హెడ్లీ కొన్న రోజే తీశాడు. "ఈ నెల తీగచిక్కుడు గింజలు నేరుగా మట్టిలో పెట్టండి" అని ఉంది. ఈ నెల అంటే ఇంకేముంది, ఇదే! తవ్వమనే పత్రికేమో, దాచిన గింజల్లో సగం మొలకెత్తవు, ఒత్తుగా పెట్టుకోండి అంది. రెండూ కలిసొచ్చాయి. ముళ్ళకంచె వైపు కన్నెత్తి కూడా చూడలేదు. డబ్బా తీసుకొచ్చి, అడుగు తట్టి మరీ, ఉన్న గింజలన్నీ పెట్టేశాడు. కర్రలు పాతి, తాళ్ళు కట్టి, ఆ సాయంత్రం ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్ళాడు. పాపం, ఆ నెలల్లో అతను సంతోషంగా ఉన్నది ఆ ఒక్క సాయంత్రమే.

దురదృష్టం ఏమిటంటే ఆ ఏడు వాతావరణం కూడా అతన్ని వెనకేసుకొచ్చింది. ఎండ కాసింది. మే నెల మొదట్లో వరసంతా మొలకలు లేచాయి. రోజుకు నాలుగుసార్లు వెళ్ళి చూసేవాడు. ఆసుపత్రిలో మేబెల్ "కంచె పూసిందా?" అని అడిగితే, "ఆఁ, పూస్తోంది, పూస్తోంది" అని నసిగాడు. ఆ అబద్ధం చెప్పాక మరీ కూర్చోలేకపోయాడు.

నెల సగంలో ఒక పొద్దున లేచేసరికి కిటికీ అద్దం తెల్లగా ఉంది. పాంటు సరిగా వేసుకోకుండానే కొండ దిగి పరుగెత్తాడు. వరసకు వరస మంచు కాటేసింది. ఆకులు ఉడికించినట్టు నల్లగా వేలాడుతున్నాయి. రైలుకట్ట మీద కంచె ఇంకా పచ్చగానే ఉంది, ఒక్క పువ్వు లేదు.

ఆర్నల్డ్ వచ్చి మడి గట్టు మీద నిలబడ్డాడు. ఈసారి వెక్కిరించలేదు. "అవి ముసలాయనవేనా?"

హెడ్లీ తలూపాడు.

"అన్నీనా?"

"అన్నీ."

"ఓరి భగవంతుడా." పైపు నోట్లోంచి తీసి, "ముట్టుకోకు. ఇంటికెళ్ళి టీ తాగు. ఆమెను అడుగు" అన్నాడు.

అడగడమా! ఏ మొహం పెట్టుకుని? ఇంటికెళ్ళి నాలుగు పత్రికలూ తిరగేశాడు. చచ్చిన మొక్క మడిలో ఉంటే తెగులు పుడుతుంది, వెంటనే తీసేయండి అని ఒకదాంట్లో దొరికింది. మధ్యాహ్నానికల్లా వరసంతా వేళ్ళతో సహా పెళ్ళగించి ఎరువుకుప్పలో పారేశాడు. సంతలో చిక్కుడు నారు కొనుక్కొచ్చి అదే చోట నాటాడు. కుప్పను తరచూ తిరగెయ్యాలని మూడో పత్రిక చెప్పిందని దాన్నీ పంగలగొర్రుతో తిరగేశాడు. చేతికి ఏదో ఒకటి దొరక్కపోతే ఆ వారం అతనికి పిచ్చెక్కేదే.

మేబెల్ రెండు చేతికర్రలతో ఇంటికొచ్చింది. వీధి కిటికీ పక్కన కుర్చీ వేశారు. కూర్చుని, వచ్చే ఆదివారం మడి దాకా నడుస్తానంది. అంతే, హెడ్లీకి ఇక లోపల ఆగలేదు. టీ కప్పు చేత్తో పట్టుకుని నిలబడే, మొత్తం కక్కేశాడు. ఏప్రిల్లోనే పెట్టాననీ, అన్నీ పెట్టాననీ, మంచు కాటేసిందనీ.

మేబెల్ కళ్ళు మూసుకుంది. తరవాత గట్టిగా ఊపిరి వదిలి, "హమ్మయ్య, మంచేనా! నీ మొహం చూసి ఇంకేం కొంప ముంచావో అనుకున్నా" అంది.

హెడ్లీ తెల్లమొహం వేశాడు.

"పిచ్చి మనిషీ, ఆ చిక్కుడు గింజ మట్టిలోపలే ఉంటుంది, పైకి రాదు. పైన మాడిపోయినా అడుగు నుంచి మళ్ళీ చిగురేస్తుంది. మా నాన్నకు ఎన్నిసార్లు కాలేదూ! ఈపాటికి మళ్ళీ లేచి ఉండాలే. ఎంత వచ్చాయి?"

అతను కప్పులోకి చూశాడు.

"హెడ్లీ. వాటిని అట్లాగే వదిలేశావు కదూ?"

కప్పు బల్ల మీద పెట్టాడు. "పీకేశాను" అన్నాడు. "పత్రికలో..."

మేబెల్ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ముఖం కిటికీ వైపు తిప్పుకుని ఏడ్చింది. పెళ్ళయి అన్నేళ్ళలో, తండ్రి పోయినప్పుడు తప్ప ఆమె ఏడవడం అతను చూడలేదు. తల నేలకేసి కొట్టుకోవాలనిపించింది. టోపీ కూడా పెట్టుకోకుండా బయటపడ్డాడు.

కుప్ప దగ్గర మోకాళ్ళ మీద కూలబడి చేతుల్తో కెలకడం మొదలుపెట్టాడు. ఆర్నల్డ్ చూసి, సంగతి విని, అవతలి వైపు కూర్చున్నాడు. "ఆ గుచ్చి ఉన్న పంగలగొర్రు తీసెయ్. దాంతోనే సగం పొడిచేశావు" అన్నాడు. కాసేపటికి మళ్ళీ, "ఎన్నోసార్లు నాలుగు గింజలడిగాను మీ మావగారిని. ఇచ్చి ఉంటే ఇవాళ నా మడిలో ఉండేవి. పైకెళ్ళాక ఆ ముసలాయనతో ఈ సంగతి మాట్లాడతా" అన్నాడు. వేళ్ళకు అంటుకుని దొరికిన గింజల్లో చాలావరకు చీలిపోయాయి, మెత్తగా కుళ్ళాయి. మిగిలినవాటిని హెడ్లీ చేతిగుడ్డలో మూటకట్టుకుని పరుగున వచ్చాడు.

మేబెల్ ఒళ్ళో పేపరు పరుచుకుని ఒక్కొక్కటీ వేలితో నొక్కి చూసింది. కుళ్ళింది, కుళ్ళింది, ఇదీ అంతే. గట్టిగా ఉన్నవి ఐదే తేలాయి. కుండీలు తెమ్మని, తన చేత్తో పెట్టి, కిటికీ గట్టు మీద వరసగా సర్దించింది.

"ఇప్పుడేం చెయ్యమంటావు?" అన్నాడు.

"ఏమీ చెయ్యకు. ఆ కుర్చీ తెచ్చుకుని కూర్చో."

"నీళ్ళు..."

"నేను చూసుకుంటా. నువ్వు కూర్చో. చేతులు ఊరుకోకపోతే నీ పత్రికలు తెచ్చి చదువు. పైకి చదువు. నా చిక్కుళ్ళను చంపిన పెద్దమనుషులెవరో నేనూ చూస్తాను."

అట్లా మొదలైంది. రోజూ మధ్యాహ్నం అతను చదివేవాడు, మోకాలు ఆడుతూనే ఉండేది. ఆమె కళ్ళు మూసుకుని వినేది. పెద్దింటి పత్రిక రెండు పేజీలు చదివేసరికి, "ఆ ఇంటావిడ చేతికి ఎప్పుడైనా మట్టి అంటిందంటావా? పొయ్యిలో పెట్టు" అంది. తవ్వమనే ఆయన వంతు వచ్చింది. "ఆయనదేదైనా చచ్చిందని ఎక్కడైనా రాశాడా?" వెతికాడు, లేదు. "ఏదీ చావని తోట ఉంటుందిటయ్యా! పొయ్యిలోకే." అట్టముక్కలవాడూ అంతే. నెలవారీ పనుల పత్రికను మాత్రం అడిగి చేతిలోకి తీసుకుంది, అట్ట మీది మే అన్న మాట చూసింది, తనే పక్కనున్న పొయ్యిలోకి విసిరింది.

హెడ్లీ మళ్ళీ కొట్టుకు పోయాడు. ఈసారి కొనకముందే నిలబడి చదివాడు. రాసినవాడి ఊరేదో చూశాడు, తప్పు ఒప్పుకున్న పేజీ కోసం వెతికాడు. కొట్టువాడు "ఇదేమన్నా లైబ్రరీయా?" అని విసుక్కున్నా కదల్లేదు. అన్నిటికంటే కింది అరలో, బొమ్మలు కూడా సరిగా లేని పల్చటి పత్రిక ఒకటి దొరికింది. ఉత్తరాది కొండల్లో ఉండే ఒక ముసలావిడ రాసిన పేజీ ఉంది అందులో. ఆ వసంతం ఆమె బఠానీ అంతా ఎలకల పాలైందట. రెండోసారి పెట్టిందట, అదీ పోయిందట. తొందరపడ్డాను, తప్పు నాదే అని రాసుకుంది.

"మళ్ళీ చదువు" అంది మేబెల్.

మళ్ళీ చదివాడు. "ఇది తెప్పించుకుందాం" అంది. ఆ రోజు అతని మోకాలు ఆడటం లేదని ఇద్దరిలో ఎవరూ గమనించలేదు.

కుండీల్లో మాత్రం ఏమీ లేదు. రైలుకట్ట మీద కంచె తెల్లగా పూసింది, రాలడం కూడా మొదలైంది. ఒక కుండీలో మట్టి వాసన మారితే మేబెల్ దాన్ని తీయించేసింది. తరవాత ఇంకోటి. మిగిలిన మూడింటి వంక చూడడానికే హెడ్లీకి భయమేసేది.

జూన్ మొదటివారంలో, అతను చదువుతూ ఉండగా మేబెల్ చెయ్యి అతని మోచేతి మీద పడింది. చివరి కుండీలో మట్టి కాస్త పగిలి, వంగిన మెడ ఒకటి పచ్చగా కనిపిస్తోంది. అతను లేవబోయాడు.

"కూర్చో. ముట్టుకోకు."

కూర్చున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

"ఆ వార్డులో పడుకుని ఒకటే అనుకునేదాన్ని" అంది మేబెల్ కుండీ వైపే చూస్తూ. "నేను నడవకపోయినా ఫర్వాలేదు, మా నాన్న చిక్కుడు మట్టిలో ఉంటుంది, ఈయన దాని పక్కన ఉంటాడు అని. నువ్వు దాని దగ్గరా ఉండలేదు, నా దగ్గరా ఉండలేదు."

"కూర్చుంటే నువ్వు ఇక లేవవేమోనని అనిపించేది మేబెల్. నడుస్తూ ఉంటే అనిపించేది కాదు."

మిగతా రెండు కుండీల్లో ఏమీ రాలేదు, వాటిలో ఇక రాదని ఇద్దరికీ తెలుసు.

"ఈ ఏడు దీని కాయ ఒక్కటి కూడా తినేది లేదు. అన్నీ గింజకే" అంది మేబెల్. "ఒలిచాక సగం ఆర్నల్డ్‌కిస్తాను, నాన్న ఏమనుకున్నా సరే. మిగతా సగం నువ్వు పెట్టాలి. నేనింక వంగలేను."

హెడ్లీ అదిరిపడ్డాడు. "నా చేతికా? వద్దే. నాకు భయం."

"భయపడు" అంది మేబెల్. "మొన్న డబ్బా మూత తీసేటప్పుడు ఆ భయం లేకనే కదా ఇంతా అయింది."