పదిహేడో ఊపిరి

ఆటలన్నిటిలో ఒంటిని పిండేసేది కబడ్డీయే. పాతికేళ్లుగా నేర్పుతున్నాను, ఈ విషయంలో నాకు ఎవరి సలహా అక్కర్లేదు. పక్కనే బరువులెత్తడం నేర్పే పవన్ మాత్రం రోజూ టీ దగ్గర కయ్యానికి కాలు దువ్వేవాడు. "నూరు కేజీలు నెత్తి మీద నిలబెట్టి చూడు సుబ్బయ్యన్నా, నీ కబడ్డీ యాడుంటాదో" అనేవాడు. మా తగువు తీర్చింది జీవరత్నం.

నంద్యాలలో ఆళ్లగడ్డ రోడ్డు పక్కన, పాత విత్తనాల గోడౌనును మా యజమాని ఆటల హాలుగా మార్చాడు. దానికి వాచ్‌మన్ జీవరత్నం. అరవై దాటాయి. ఇక్కడికి రాకముందు పద్దెనిమిదేళ్లు బెలుం గుహల్లో జనాన్ని తిప్పి చూపించాడు. లోపలికి పోయాక చేతిలోని టార్చి ఆర్పి, చీకటంటే ఏమిటో వాళ్లకు చూపేవాడు. చీకట్లో తలలు కనబడవు కాబట్టి ఊపిరిని బట్టి మనుషుల్ని లెక్కపెట్టడం అలవాటైంది. చర్చిలో కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తూనే, ఆ రోజు ఎవరెవరు రాలేదో చెప్పేసేవాడట.

ఒక మధ్యాహ్నం సాధన ముగిసి పిల్లలంతా కూలబడిన వేళ కరెంటు పోయింది. గోడౌనుకు కిటికీల్లేవు. ఆ కటిక చీకట్లో తలుపు దగ్గర నుంచి జీవరత్నం గొంతు వినిపించింది.

"పరిగెత్తే పిల్లోళ్లు బాగా రొప్పుతారు సార్, కానీ రెండు నిమిషాలకు సర్దుకుంటారు. బరువులోళ్లు ఊపిరిని లోపల పెట్టి బిగిస్తారు. బరువు దించినాక గూడా ఆ బిగువు మెడకాడ ఉండిపోతాది. మీ కబడ్డీ పిల్లోళ్లే పాపం. ఊరికే కూర్చున్నా దొంగతనంగా పీలుస్తారు. నిండుగా పీల్చేదే మర్సిపోయినారు."

నాకు ఒళ్లు మండింది. అయినా కబడ్డీయే కష్టమైన ఆటని తేలింది కదా, పవన్ ముందు మీసం తిప్పాను.

అప్పటి నుంచి వారానికోసారి కావాలనే లైట్లు తీయించేవాళ్లం. పవన్ బయట స్విచ్చి దగ్గర ఉండేవాడు. లోపల పదహారు మంది పిల్లలు, నేను. ఎవరు అలిసిపోయారో, ఎవరు జ్వరం దాచిపెట్టి ఆడుతున్నారో జీవరత్నం చెప్పేవాడు. ఒక్కసారీ తప్పలేదు. చివర్లో గుహలో చెప్పినట్టే "పదిహేడు. అందరూ ఉండారు సార్" అనేవాడు. ఆ తర్వాతే లైటు.

ఒకరోజు "పదహారే" అన్నాడు.

లైటు వేయించి చూశాను. అందరూ ఉన్నారు. మళ్లీ ఆర్పించాను. మళ్లీ పదహారే.

"మీ మూలనే సార్. ఆడ ఇద్దరుండారు. ఊపిరి ఒకటే."

ఆ మూల నా కుర్చీ పక్కనే నేల మీద కూర్చునేది సిరి. శిరివెళ్ల నుంచి ఆటోలో వచ్చే పిల్ల. నా జట్టులో అందరికంటే ఎక్కువసేపు కూత నిలబెట్టేది ఆమే. "నేను పీలుస్తానే ఉండా కదా తాతా" అని నవ్వింది. జీవరత్నం నవ్వలేదు.

పిల్లలు వెళ్లాక నా చెయ్యి పట్టుకున్నాడు.

"మా ఇంటిది జీవమ్మ పోకముందు గూడా ఇట్లనే సార్. పక్కనే కూర్చుని మాట్లాడతాండేది. మాట ఇనపడేది, ఊపిరి ఇనపడేది కాదు. నా చెవులే చెడినాయనుకున్యా. ఇరవై రోజులకు పోయింది. ఈ పాపను ఆడించొద్దు సార్."

ఆ ఆదివారమే డోన్‌లో ఎంపిక పోటీలు. అక్కడ నెగ్గితే సిరికి రాష్ట్ర శిబిరం. "ముసలితనాన పిల్ల బతుకు చెడగొడతావా?" అని ఆయన మీద నోరు చేసుకున్నాను. నోరైతే చేసుకున్నాను గానీ, ఆ సాయంత్రమే సిరిని, వాళ్ల నాయనను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఈసీజీ తీశారు. గుండె గట్టిగా ఉంది, హాయిగా ఆడనివ్వండి అన్నారు.

డోన్‌లో సిరి కూతకు వెళ్లిన ప్రతిసారీ నేను బెంచీ మీంచి లేచి నిలబడ్డాను. ఏడుగురు చుట్టూ మూగుతుంటే ఆ కబడ్డీ కబడ్డీ సన్నబడుతూ ఉంటుంది. ఇప్పుడు ఆగుతుంది, ఇక్కడే పడిపోతుంది అనుకునేవాణ్ణి. నా జీవితంలో ఏ ఆట చూస్తూ అంత భయపడలేదు. సిరి ప్రతిసారీ గీత తాకి తిరిగొచ్చింది. ఎంపికైంది.

తిరిగొచ్చాక ఆమె తల మీద చెయ్యి పెట్టి జీవరత్నం ఏడ్చాడు. "చెవుల్లో నూనె పోయించుకో పెద్దాయనా" అని నేను ఆటపట్టించాను. మళ్లీ లైట్లు మాత్రం ఆర్పనివ్వలేదు. ఎందుకో చెప్పలేను.

మొన్న బుధవారం సిరి శిబిరానికి వెళ్లిపోయింది. ఇక భయమేముంది అనుకుని గురువారం మధ్యాహ్నం లైట్లు తీయించాను. నా మూల నేనొక్కణ్ణే ఉన్నాను.

ఎప్పుడూ తలుపు వదలని జీవరత్నం, చీకట్లో ఒక్కొక్క అడుగే వేసుకుంటూ నా వైపు వచ్చాడు. కుర్చీ ముందు ఆగి వంగాడు. ఆయన ఊపిరి నా ముఖానికి వెచ్చగా తగిలింది. నేను కావాలనే గట్టిగా పీల్చి వదిలాను.

"ఇనపడిందా?" అన్నాను.

"పదిహేను" అన్నాడు.

సిరి పోగా పిల్లలు పదిహేను మంది. నాతో పదహారు. తప్పు లెక్కపెట్టావంటూ, లైటు వేయమని పవన్‌కు కేకేశాను.

లైటు వచ్చింది. ఆయన నా ముఖంలోకి చూడలేకపోయాడు. "ఆ మూల ఇనపడిన ఒక్క ఊపిరి మీదనుకున్యా సార్. పెద్దోళ్లు గదా, లెక్కలో ముందు మీకే ఏసినా. అది పాపది" అన్నాడు. నన్ను కుర్చీలోంచి లేపి, "ఇంటికి పోండి సార్. పిల్లోళ్లను నేను చూసుకుంటా" అన్నాడు.

ఆయన మొదటిసారి పదహారని చెప్పి ఆ రోజుకు పద్దెనిమిది రోజులు.

దారిలోనే ఈసీజీ తీయించుకున్నాను. బాగుందన్నారు. ఇంటికి పోయి మంచం మీద కూర్చున్నాను. మా ఆవిడ కొండమ్మ మంచినీళ్లు తెచ్చి, "ఏందీ, ముఖం అట్లుంది?" అని అడిగింది.

"నా ఊపిరి ఇనపడతాందా, చూడు" అన్నాను.

"పనీపాటా లేదా నీకు?" అని నవ్వి పక్కన కూర్చుంది. నా ముక్కు దగ్గర చెవి పెట్టింది. "ఉండు, ఫ్యాను శబ్దం" అని లేచి ఫ్యాను ఆపింది. మళ్లీ వచ్చి చెవి పెట్టింది. వీధిలో ట్రాక్టరు పోతుంటే అది పోయేదాకా ఆగి, మళ్లీ విన్నది.

చాలాసేపు విన్నది. తర్వాత నాకేమీ చెప్పకుండా వంటింట్లోకి వెళ్లి, రేపే బయలుదేరి రమ్మని మా కొడుకు కిరణ్‌కు ఫోన్ చేసింది.