ఐదు వందల కిలోమీటర్ల పైనుంచి మా క్లబ్ హౌస్

అంతరిక్ష ప్రయోగాల్లో ప్రమాదాలు చాలా రకాలు. రాకెట్ లేచిన కాసేపటికే సముద్రంలో పడొచ్చు. ఉపగ్రహం పైకి వెళ్లి మౌనవ్రతం పట్టొచ్చు. ఎప్పటిదో పాత రాకెట్ నుంచి ఊడిన మేకు ఒకటి తుపాకి గుండు కన్నా వేగంగా వచ్చి తగలొచ్చు. ఇవన్నీ పెద్ద చదువులు చదివినవాళ్లు ముందే ఊహించుకునే ప్రమాదాలు. కానీ ఉపగ్రహం చక్కగా ఎగిరి, చక్కగా పనిచేసి, చక్కటి ఫొటో తీస్తే, ఆ ఫొటో వల్ల ఒక రెండంతస్తుల క్లబ్ హౌస్ నేలమట్టం కావడమనే ప్రమాదం ఏ పుస్తకంలోనూ లేదు. అది పూర్తిగా నా ఆవిష్కరణ.

నాలుగైదేళ్ల కిందటి మాట. అప్పటికి నా తల మీద జుట్టు, తల లోపల పొగరు రెండూ ఒత్తుగా ఉండేవి. హైటెక్ సిటీలో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం. ఉపగ్రహాలు పంపే ఫొటోలు చూసి ఏ చేను ఎండుతోందో, ఏ కుంట నిండిందో చెప్పే కంపెనీ అది. అందులో నా పని పాత ఫొటో మీద కొత్త ఫొటోను వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోబెట్టడం. అంతే. కానీ నల్లగండ్ల దాటాక మేముండే గేటెడ్ కమ్యూనిటీలో ఈ సంగతి ఇంత సాదాగా ఎందుకు చెబుతాను? "ఉపగ్రహం నడుపుతుంటాను" అని చెప్పాను. లిఫ్టులో ఎవరైనా కలిస్తే వాచీ చూసుకుని, "ఇంకో పది నిమిషాల్లో మన నెత్తి మీదికొస్తుంది, కొంచెం కుడికి తిప్పాలి" అనేవాణ్ని. నిజానికి సెల్లార్‌లో నా కారును రివర్స్ చేయాలంటే వాచ్‌మన్ యాదయ్య వచ్చి "ఇగ జర కొట్టుండ్రి సార్, ఇంకా కొట్టుండ్రి" అని అరవాల్సిందే.

ఒక ఆదివారం పొద్దున మా అసోసియేషన్ ప్రెసిడెంట్ సుదర్శనం గారు ఇంటికొచ్చారు. ఆయనది తెనాలి. కోపం వచ్చినా 'అండి' వదలని మనిషి.

"ప్రభాకర్ గారూ, మీ ఉపగ్రహంతో మన కమ్యూనిటీ ఫొటో ఒకటి తీయించాలండి."

"దానికేముంది సార్. అందరినీ మేడెక్కి నవ్వమనుండ్రి, తీసేస్త."

"నవ్వులాట కాదండి. శనివారం మున్సిపాలిటీ ఆఫీసర్ గారు తనిఖీకి వస్తున్నారు. ఆయన సంతకం పెడితేనే మన కొత్త క్లబ్ హౌస్ తాళం తీస్తారు. అందుకని ఆయనకు చిన్న సన్మానం చేసి, ఆయన చేతుల మీదుగా ఒక పెద్ద ఫ్లెక్సీ ఆవిష్కరిద్దామని. ఆకాశం నుంచి మన కమ్యూనిటీ. ఎలా ఉంటుందంటారు?"

"ఒక్క ఫొటో ఎందుకు సార్, రెండు పెడదాం. 'అప్పుడు', 'ఇప్పుడు' అని. ఇరవై ఏండ్ల కింద ఎట్లుండె, ఇప్పుడు ఎట్లయింది. అభివృద్ధి అంటే ఏందో ఆయనకు కండ్ల ముందట కనపడాలె."

గమనించాలి. ఈ సలహా నన్నెవరూ అడగలేదు. సుదర్శనం గారు ఆనందం పట్టలేక నన్ను కౌగిలించుకున్నారు. ఆ తర్వాత ఇప్పటివరకు ఆయన నాతో చేయి కూడా కలపలేదు.

ఆయన వెళ్లగానే మా ఆవిడ సరళ వంటింట్లోంచి వచ్చింది. వచ్చే నెల మా అమ్మాయి హాఫ్ సారీ ఫంక్షన్. అది ఆ క్లబ్ హౌస్ హాల్లోనే జరుగుతుందని తన అక్కచెల్లెళ్లకు, వాళ్ల వియ్యాలవారికి, ఆ వియ్యాలవారి పక్కింటివాళ్లకు కూడా చెప్పేసింది.

"గా సంతకం అయ్యేటట్టు జర చూడుండ్రి. లేకపోతే నా మొఖం ఎక్కడ పెట్టుకోవాలె?"

"ఫికర్ చేయకు. అంతరిక్షమే మన దిక్కుంది."

"అంతరిక్షం సంగతి నాకెర్క లేదు. నడుమ మీరున్నరు, గదే నా భయం."

వారం రోజులు కష్టపడ్డాను. అభిమానంతో పెట్టిన పచ్చడిలా ఆ రెండు ఫొటోలను కలిపి కలిపి చూసుకున్నాను. పాత రికార్డుల్లోంచి ఇరవై ఏళ్ల నాటి ఫొటో బయటికి తీశాను. అది మామూలు రంగుల్లో లేదు. మన కంటికి కనిపించని పరారుణ కిరణాలతో తీసింది. చెట్లు ఎర్రగా, రాళ్లు తెల్లగా కనిపిస్తాయి. దాని మీద నేటి మా బ్లాకులన్నిటినీ పసుపు గీతలతో గీశాను. ఇదిగో ఎ బ్లాక్, ఇదిగో బి బ్లాక్, ఇదిగో క్లబ్ హౌస్. ఆ పాత ఫొటోలో ఒకచోట మామిడిపిందె ఆకారంలో పెద్ద నల్లటి మచ్చ ఉంది. క్లబ్ హౌస్ పసుపు డబ్బా సరిగ్గా ఆ మచ్చ నడిబొడ్డున పడింది.

'మరి చూడలేదా?' అని మీరు అడుగుతారు. చూశాను. నలుపు మీద పసుపు ఎంత కొట్టొచ్చినట్టు కనపడుతోందో అని మురిసిపోయాను కూడా. మా వృత్తిలో నాలుగు మూలలు కలిశాయా లేదా అన్నదే మోక్షం. పదేళ్లు మూలలు చూసి చూసి, నడుమ ఏముందో చూసే అలవాటు నాకు పూర్తిగా పోయింది. పెళ్లి ఫొటో ఇచ్చినా ముందు షామియానా కొసలు సరిపోయాయా అని చూసే స్థితికి వచ్చాను.

శనివారం రానే వచ్చింది. క్లబ్ హౌస్ ముందు కుర్చీలు, మైకు, మిర్చి బజ్జీలు. పన్నెండడుగుల ఫ్లెక్సీ తెర చాటున ఉంది. దాని అడుగున చేతులు కట్టుకుని నిలబడిన నా ఫొటో, 'ఉపగ్రహ నిపుణులు' అన్న బిరుదు. ఆఫీసర్ గారు కళ్లద్దాల నెమ్మదస్తుడు. దండ వేస్తే వేయించుకున్నారు, బజ్జీ ఇస్తే తిన్నారు. ఆయన ముందున్న బల్ల మీద సంతకం పెట్టాల్సిన కాగితం, దాని మీద మూత తీసిన పెన్ను సిద్ధంగా ఉన్నాయి.

మైకు నాకిచ్చారు. ఇవ్వకుండా ఉంటే ఎంత బాగుండేది.

"అంతరిక్ష పరిజ్ఞానంతో మానవాళికి దక్కిన అసలైన లాభం ఒక్కటే. ఇకమీదట భూమ్మీద ఎవ్వరూ, ఏదీ దాచలేరు" అన్నాను. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది సుదర్శనం గారే.

ఆఫీసర్ తాడు లాగారు. తెర జారింది. ఆయన 'ఇప్పుడు' వైపు ఒకసారి చూసి తలూపారు. 'అప్పుడు' వైపు చూసి కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"ఈ నల్లగా ఉన్నదేంటి?"

"నీడండి. మబ్బు నీడ" అన్నారు సుదర్శనం గారు.

బుద్ధున్నవాడెవడైనా అక్కడ ఇంకో బజ్జీ నోట్లో పెట్టుకుంటాడు. నాకు మాత్రం నా కన్నబిడ్డను ఎవరో మెల్లకన్ను అన్నట్టనిపించింది.

"సారీ సార్, నీడ గాదు. మబ్బే లేని రోజుది ఏరి తెచ్చిన ఫొటో ఇది."

"అయితే తారు రోడ్డండి" అంటూ సుదర్శనం గారు నా కాలు తొక్కారు.

"ఇరవై ఏండ్ల కింద ఈడ రోడ్డేడిది సార్? అయినా తారు ఇంత నల్లగ రాదు. ఈ కిరణాలను మొత్తానికి మింగేసేది నీళ్లొక్కటే."

"అంటే అవి నీళ్లు" అన్నారు ఆఫీసర్.

"వంద శాతం నీళ్లు సార్."

"ఎంత లోతుంటాయి?"

"లోతు ఫొటోల తెల్వది సార్. యాదయ్యా, నీది ఈ ఊరే గదా, జర చెప్పు."

యాదయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "బర్రెలు మెడల దాంక మునుగుతుండె సార్. నేను ఈత నేర్సుకున్నది ఈడనే. గిప్పుడు మీరు కూసున్నకాడ తామరపూలు ఉంటుండె."

ఆఫీసర్ తెలియకుండానే రెండు కాళ్లూ కాస్త పైకెత్తారు.

"ఈ పసుపు డబ్బా?"

"మన క్లబ్ హౌస్ సార్."

"చెరువు మధ్యలో ఉంది."

"కరెక్టుగ మధ్యల సార్" అన్నాను, మెచ్చుకున్నారనుకుని.

సుదర్శనం గారి ముఖం ఫ్లెక్సీలో రాళ్ల రంగుకు తిరిగింది. "ఆఫీసర్ గారూ, ఫొటో పక్కకు జరిగి ఉంటుందండి. ఉపగ్రహం అంత ఎత్తున ఊగిసలాడుతూ ఉంటుంది కదండీ. ఏమంటారు ప్రభాకర్ గారూ? జరిగే ఉంటుంది కదూ?"

కుర్చీల మధ్యలోంచి సరళ నా వైపు చూస్తోంది. 'జరిగింది' అని ఒక్క మాట. ఆ మాటతో క్లబ్ హౌస్ బతుకుతుంది, మా అమ్మాయి ఫంక్షన్ బతుకుతుంది, సుదర్శనం గారి బీపీ దిగుతుంది. కానీ జరగకుండా చూడటానికే కదా కంపెనీ నన్ను పెట్టుకుంది.

"నేను కూర్చోబెట్టిన ఫొటో జరగదు సార్. కావాలంటే రాసిస్త."

"రాసివ్వండి" అన్నారు ఆఫీసర్.

బల్ల మీది పెన్ను తీసి నా చేతికిచ్చారు. ఆహ్వాన పత్రిక వెనక రాసిచ్చాను. ఆ రోజు అక్కడ పడిన ఒకే ఒక్క సంతకం నాది.

పది రోజుల్లో సర్వేవాళ్లు గొలుసులు, పాత పటాలు పట్టుకుని వచ్చారు. వాళ్లు గీసిన గీతకు, నేను గీసిన గీతకు జానెడు తేడా వచ్చింది. ఆ జానెడు తప్పు వాళ్లదేనని ఇప్పటికీ నా నమ్మకం. తర్వాత పెద్ద యంత్రాలు వచ్చాయి. క్లబ్ హౌస్ ఉప్మారవ్వలా రాలింది. స్విమ్మింగ్ పూల్ దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆగి, "ఇందులో నీళ్లే ఉన్నయి, రికార్డుకు సరిపోయింది" అని దాన్ని వదిలేశారు. మా కమ్యూనిటీ మొత్తంలో రూల్ ప్రకారం కట్టింది అదొక్కటే అని తేలింది.

బాల్కనీలో నిలబడి సరళ అడిగింది. "అంతరిక్షం మన దిక్కుంది అంటిరి. ఏ దిక్కుకు తిరిగింది మరి?"

ఫంక్షన్ సెల్లార్‌లో చేశాం. చుట్టాలు "పిల్ల ఏడుంది?" అంటే "పిల్లర్ నంబర్ పదిహేడు" అని చెప్పాల్సి వచ్చింది. హారతి ఇస్తుంటే ఐదో అంతస్తు ఆయన హారన్ కొట్టి, తన కారుకు అడ్డంగా ఉన్న సరళ అక్క వియ్యపురాలిని జరపమన్నాడు. సరళ నాతో మళ్లీ మాట్లాడటానికి ఎన్నాళ్లు పట్టిందో చెప్పను. ఆ మధ్యకాలంలో ఉపగ్రహమే నయం, అప్పుడప్పుడూ సిగ్నల్ పంపేది.

వానలు పడ్డాయి. క్లబ్ హౌస్ పోయినచోట మిగిలిన గుంత నిండింది. కొంగలొచ్చాయి. పొద్దున్నే అందరూ బాల్కనీల్లో టీ కప్పులతో నిలబడి ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. ఒకరోజు గేటు దగ్గర కొత్త ఫ్లెక్సీ కనిపించింది. 'లేక్ వ్యూ కమ్యూనిటీకి స్వాగతం. చెరువు పునరుద్ధరణకు అహర్నిశలు శ్రమించిన మా ప్రెసిడెంట్ సుదర్శనం గారికి అభినందనలు.' అడుగున చేతులు కట్టుకుని ఆయనే నిలబడి ఉన్నారు.

ఆ వారంలోనే చుట్టుపక్కల మూడు కమ్యూనిటీల ప్రెసిడెంట్లు వేర్వేరుగా మా ఇంటికి స్వీటు డబ్బాలతో వచ్చారు. మూడో ఆయన కుర్చీ అంచున కూర్చుని, "మా స్థలం పాత ఫొటో కూడా మీ దగ్గర ఉంటుందాండీ?" అని అడిగారు.

"ఉంటది సార్. మూలలు కలిపి పంపాల్నా?"

"అబ్బెబ్బే. ఉందో లేదో కనుక్కుందామని వచ్చానంతే. మీకు చాలా పనులుంటాయి, దాని జోలికి వెళ్లకండి" అని ఇంకో డబ్బా పెట్టి వెళ్లారు.

కాబట్టి, స్పృహలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. కుర్చీలు వేసి, దండలు తెచ్చి, మైకు పెట్టిన ఏ సభలోనూ నా జీవితంలో ఇక నిజం పలకను. విచారిస్తే తెలిసింది, ఊళ్లో పెద్దలంతా ఈ ప్రమాణం ఎప్పుడో చేసేశారట. నేనే ఆలస్యమయ్యాను.