కారు కుడి చెయ్యి

దాదాపు ఇరవై ఏళ్ల కిందట ఒక సావుకారు అడిగిన ప్రశ్నకు నేను అబద్ధం చెప్పాను. ఆ అబద్ధంతో ఒక డ్రైవరు ఉద్యోగం పోయింది, ఉద్యోగంతో పాటు పేరూ పోయింది. ఆ రోజు నేను దాచిన సంగతులు రెండు. మొదటిది నా పనిలో జరిగిన తప్పు. రెండోది నేను కళ్లారా చూసినది.

దెయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. మోటారు బండ్ల కరెంటు పని నా వృత్తి. దీపం వెలిగిందంటే ఎక్కడి నుంచో కరెంటు వచ్చినట్టే. అది ఎక్కడి నుంచో వెతికి పట్టుకోవడమే నాకు తెలిసిన విద్య.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. వరంగల్ స్టేషన్ రోడ్డులో నాకు ఒక చిన్న షెడ్డు ఉండేది. అప్పటి కార్లకు ఇప్పటిలా మిణుకుమిణుకుమనే దీపాలు లేవు. కారుకు రెండు పక్కలా, తలుపు దగ్గర పైకప్పును మోసే స్తంభంలో జానెడు పొడవున్న రేకు చెయ్యి ఒక్కోటి మడిచి ఉండేది. స్విచ్ తిప్పితే అది టక్కుమని లేచి అడ్డంగా నిలబడేది. దాని గాజు లోపల చిన్న దీపం వెలిగేది. కుడి చెయ్యి లేస్తే బండి కుడికి తిరుగుతుందని వెనక వచ్చేవాళ్లకు గుర్తు.

ఆ సావుకారుది పత్తి వ్యాపారం. రాజయ్య ఆయన కారు డ్రైవరు. నాకంటే పదేళ్లు పెద్ద, నేను అన్నా అని పిలిచేవాణ్ని. ఒకనాడు తొర్రూరు నుంచి తిరిగి వస్తుంటే కారు కుడి చెయ్యి లేచింది. అది చూసి వెనక లారీ వాడు ఎడమ పక్క నుంచి దూరాడు. కారు మాత్రం కుడికి తిరగలేదు, తిన్నగానే పోయింది. రెండూ ఒరుసుకున్నాయి. లోపల కూర్చున్న సావుకారు తమ్ముడి కాలు విరిగింది.

రాజయ్య తాగి స్విచ్ తిప్పాడని సావుకారు అన్నాడు. తాను స్విచ్ ముట్టుకోలేదని రాజయ్య అన్నాడు. కారు నా షెడ్డుకు వచ్చింది. వైర్లలో తప్పు దొరికితే రాజయ్య పనిలో ఉంటాడు, దొరకకపోతే పోతాడు. సావుకారు పెట్టిన షరతు అది.

"తమ్మీ, నేను సుక్క ముట్టలె," అన్నాడు రాజయ్య, కారు అప్పగిస్తూ. "చెయ్యి దానంతటదే లేశింది. నువ్వు జర మంచిగ సూడు. నాకు ఇంక వేరే సాచ్చెం లేదు."

రెండో రోజు పొద్దున తప్పు దొరికింది. స్తంభం లోపల, కరెంటు వచ్చే వైరూ కుడి చేతికి పోయే వైరూ తాకుతున్నాయి. అక్కడి అతుకు, అంతకుముందు ఆ కారు బాగుచేసినప్పుడు నేను వేసిందే. యుద్ధంలో వైర్లకు చుట్టే టేపు దొరికేది కాదు. కాశిబుగ్గలో మగ్గం నేసే సాలోళ్ల దగ్గర నూలు తెచ్చి, లక్కలో ముంచి చుట్టేవాణ్ని. అలా ఎన్ని బండ్లకు చుట్టానో లెక్క లేదు. ఈ అతుకు దగ్గర మాత్రం లక్క పెచ్చులుగా రాలి, నూలు చీకిపోయి ఉంది.

నా తప్పు వల్ల ఒక మనిషి కాలు విరిగింది. ఈ సంగతి బజారులో తెలిస్తే నా షెడ్డుకు ఇంకెవరూ బండి తేరు. చీకిన నూలు తీసి పారేసి, ఎవరూ చూడకముందే కొత్తది చుట్టాను.

అప్పటికి మధ్యాహ్నం అయింది. షెడ్డులో నేను ఒక్కణ్నే. బ్యాటరీ విప్పి, పది అడుగుల దూరంలో ఉన్న బల్ల మీద పెట్టాను. చేతికి పోయే వైరు కొస ఊడదీసి నా వేళ్ల మధ్య పట్టుకున్నాను.

టక్కుమని కుడి చెయ్యి లేచింది.

దీపం వెలిగింది. స్ప్రింగు విరిగితే ఆ చెయ్యి కిందికి వేలాడుతుంది కానీ పైకి లేవదు. కరెంటు లేనిదే దీపం వెలగదు. వైరు కొస నా వేళ్లలోనే ఉంది. చెయ్యిని అరచేత్తో కిందికి నొక్కాను. గాజు వెచ్చగా ఉంది. ఎవరో లోపలి నుంచి పట్టుకుని నిలిపినట్టు అది నాకు ఎదురొత్తింది. వదిలేశాను. కాసేపటికి తనంతట తనే మడుచుకుంది. సాయంత్రం లోపల ఇంకో రెండు సార్లు లేచింది. మూడోసారి డ్రైవరు సీటు వైపు చూడలేక బయటికొచ్చి ఎండలో నిలబడ్డాను.

సావుకారు వచ్చాడు. వెనక రాజయ్య. "అరే మిస్త్రీ, సాఫ్ చెప్పు. వైర్ల తప్పా, మనిషి తప్పా?"

"వైర్లు మంచిగనే ఉన్నయ్ సేటూ," అన్నాను.

రాజయ్య తన దగ్గరున్న కారు తాళం చెవి బానెట్ మీద పెట్టి వెళ్లిపోయాడు.

తర్వాత ఆ చేతులు రెండూ పీకేయమని సావుకారు చెబితే పీకి, కంతల మీద రేకు బిగించాను. రేకు వెనక ఏమీ లేదు, ఖాళీ. అయినా ఆ తర్వాత కారు షెడ్డులో ఉన్న రెండు రోజులూ కుడి స్తంభంలో టక్కుమని చప్పుడు వినిపిస్తూనే ఉంది. అది ఏమిటో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

జరిగింది చెబితే ఎవరు నమ్ముతారు, అందుకే చెప్పలేదని ఇన్నేళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అదీ అబద్ధమే. కరెంటు లేకుండా లేచిన చెయ్యి సంగతి ఎవరూ నమ్మకపోవచ్చు. చీకిన నూలు సంగతి అందరూ నమ్మేవాళ్లు. రాజయ్య నిలబడడానికి ఆ ఒక్క మాట చాలు.

పోయిన ఏడు డోర్నకల్‌లో రైలు ఆగినప్పుడు, బొగ్గు ఎత్తే కూలీల మధ్య రాజయ్య కనిపించాడు. మొహం పక్కకు తిప్పుకున్నాను. రైలు కదిలింది. నెల తర్వాత, దిగడానికే మళ్లీ వెళ్లాను.

కూలీలు బువ్వ తింటున్నారు. "ఓ తాగుబోతు డ్రైవరూ, నీకోసం ఎవరో పెద్దమనిషి వచ్చిండు," అని ఒకడు కేకేశాడు. మిగతావాళ్లు నవ్వారు. అక్కడా ఆయన్ని అదే పేరుతో పిలుస్తున్నారు.

రాజయ్య నన్ను గుర్తుపట్టాడు. "ఏందిర తమ్మీ, నెత్తి నెరిసింది? కూసో, తిను."

పక్కకు పిలిచి, ముందు ఆ చెయ్యి ఎలా లేచిందో మొదలుపెట్టాను.

"గదంత ఇడ్సిపెట్టు," అన్నాడు. "వైర్లల తప్పు దొరికిందా, లేదా?"

"దొరికిందన్నా. తప్పు నాదే."

రాజయ్య తినేవాళ్ల వైపు గడ్డం ఎత్తాడు.

"నేను తాగలేదని నాకు ఎరుకే. నాకు జెప్పుడెందుకు? పో, గాళ్లకు జెప్పు."

వెళ్లి వాళ్ల ముందు నిలబడ్డాను. నవ్వులు ఆగాయి.

"ఆనాడు రాజన్న తాగలేదు, స్విచ్ ముట్టలేదు. నేను కట్టిన వైరు చెడింది. నా షెడ్డు నిలుపుకునేటందుకు ఈయన పేరు ఖరాబు చేసిన. అన్నా, నన్ను మాఫ్ చెయ్యి."