ఎడమవైపు ఆటగాడు

డెన్మార్క్ ఎక్కడుందో మ్యాపులో చూపించమంటే ఇప్పటికీ నా వేలు కాస్త అటూ ఇటూ అవుతుంది. కానీ అక్కడి రెండో శ్రేణి లీగులో ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుకు ఆరు సీజన్లు మేనేజర్‌గా ఉన్నాను. కంప్యూటర్ ఆటలో లెండి. గద్వాలలో మా ఇంటి ముందు గదిలో, బియ్యం డ్రమ్ము మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని.

ఆ ల్యాప్‌టాప్ చీర అంచులకు డిజైన్లు గీయడానికని కొన్నది. కంప్యూటర్ డిగ్రీ చేసిన కొడుకు ఇంట్లో ఉండగా బయటివాళ్లను బతిమాలడమెందుకని నాయన వాదన. రెండు డిజైన్లు గీశాను. తర్వాత ఆట ఎక్కించాను.

అన్ని దేశాలుండగా డెన్మార్కే ఎందుకంటే, అక్కడ చలికాలంలో మంచుకు ఆట ఆపేస్తారు. మాకు వానకు మగ్గం ఆగుతుంది. మాది గుంత మగ్గం, నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టి కూర్చోవాలి. ముసురు పట్టిందంటే గుంతలో నీళ్లు ఊరతాయి, పోగులు చెమ్మగిల్లుతాయి, నేత బంద్. ఆకాశం దయతలిస్తే తప్ప సెలవు దొరకనివాళ్లు ఇంకెక్కడో కూడా ఉన్నారని ముచ్చటేసింది.

మిగతా రోజుల్లో కదలడానికి లేదు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసేచోట ప్రతి వరుసలోనూ పోగును పోగుతో మెలివేయాలి. అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. కుడి అంచు నాయన, ఎడమ అంచు నేను. ఇంటర్ పరీక్షలు రాసిన ఎండాకాలం నుంచీ నాది ఎడమవైపే. నడుమ చేతులు మారకూడదు. ఒక్కొక్కరి చేతి బిగువు ఒక్కో రకం, మారితే అంచు ముడతపడుతుంది. షావుకారు చీరను వెలుతురుకు పట్టి చూసి, మాట కూడా మాట్లాడకుండా పక్కన పడేస్తాడు. అందుకే మగ్గానికి పడుగు, అంటే నిలువు పోగులు, ఎక్కించాక అది అయిపోయేదాకా అవే నాలుగు చేతులు.

ఈ పద్ధతినే నేను డెన్మార్క్‌కు కూడా మోసుకుపోయాను. మొదటి సీజనంతా అదే పదకొండు మందిని ఆడించాను, ఒక్కణ్ని మార్చితే ఒట్టు. చివరి అరగంటలో పాపం వాళ్లు కాళ్లీడుస్తుంటే ఎదుటి జట్లు గోలు మీద గోలు కొట్టేవి. అలసినవాణ్ని కూర్చోబెట్టి ఇంకొకణ్ని దింపాలని నాకు తట్టనే లేదు. నేతగాడి బుర్ర మరి.

తర్వాత నేర్చుకున్నాను, ఒక్కడి విషయంలో తప్ప. ఎడమవైపు కాపలా కాసే డిఫెండర్. చేరినప్పుడు ఇరవై రెండేళ్లు, ఆటలో ఏళ్లు గడిచి ఇరవై ఏడుకు వచ్చాడు. నా వయసే. ప్రతి సీజన్ నడిమధ్యలో వాడి నుంచి మెసేజ్ వచ్చేది, పెద్ద క్లబ్బు పిలుస్తోంది, నన్ను పంపించండి అని. నేను ఎప్పుడూ ఒకే జవాబు నొక్కేవాణ్ని. ఈ సీజన్ అయిపోనీ, తర్వాత చూద్దాం. అది అయిపోకముందే తియ్యగా మాట్లాడి ఒప్పందం ఇంకో రెండేళ్లు పొడిగించేవాణ్ని. వాడంటే నాకు ప్రాణం. వాడు పోతే ఎడమవైపు ఎవరున్నారు?

మొన్న వానాకాలంలో వనపర్తి నుంచి కబురొచ్చింది. ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు కంప్యూటర్ చెప్పే పని. అంతకుముందు నాగర్‌కర్నూల్ నుంచి కూడా ఇలాంటిదే వస్తే, "గీ పడుగైపోనీరా, తర్వాత జూద్దం" అన్నాడు నాయన. పడుగు అయిపోయింది కూడా. కానీ మా దగ్గర మగ్గాన్ని ఖాళీగా ఉంచరు. పాత పడుగు కొసలు మగ్గం మీద ఉండగానే కొత్త పోగులను వాటికి ఒక్కొక్కటిగా ముడివేస్తారు. ముడి పడ్డదంటే మళ్లీ అవే చేతులు. అలా నాగర్‌కర్నూల్ పోయింది. ఇంకో ఏడాది ఆ గుంతలో కూర్చుంటే ఊపిరాడక చస్తానేమో అనిపించేది. కోపం ఎవరి మీదంటే నాయన మీదే, దాచుకోవడమెందుకు.

ముసురు పట్టి, మగ్గం మీదున్న పడుగులో చివరి చీర సగంలో ఆగిన రోజు, నాయన చాయ్ గ్లాసుతో వచ్చి నా పక్కన కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే తెర మీద మెసేజ్ వచ్చింది.

"ఏందిరా గది? ఏమంటుండు గా పిలగాడు?"

"పోతనంటుండు నాయినా. పెద్ద జట్టోళ్లు పిలుస్తున్నరంట."

"మరి పంపు. మనసు లేనోన్ని పట్టుకొని ఆడిస్తే ఏమాడ్తడు?"

తెర వైపే చూస్తూ అడిగాను. "మరి నన్ను?"

నాయన గ్లాసు కింద పెట్టాడు.

"నీ ఆటల ఒకడు పోతే ఇంకొకడొస్తడు. ఈడ నీ జాగల ఎవరొస్తర్రా?"

కసురుకోలేదు. నిజంగానే అడిగాడు. మా వీధిలో నా ఈడువాళ్లలో మగ్గం మీద కూర్చునేది నేనొక్కణ్నే. నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. అది ఉన్నా బాగుండేది.

ఆ సాయంత్రమే డిఫెండర్‌ను పంపేశాను. ఆట వెంటనే ఎడమవైపు ఆడగలవాళ్ల పేర్లు తెర నిండా చూపించింది, ఎవరు కావాలో ఎంచుకోమంది.

వాన తెరిపిచ్చింది. గుంత ఆరింది. ఇద్దరం కూర్చుని మిగిలిన సగం నేశాం, శనివారం చీర కోశాం.

సోమవారం పొద్దున బడి నుంచి ఫోన్ వచ్చింది. "ఎప్పుడు చేరుతున్నారు సార్?"

వస్తున్నానని చెప్పడానికి వారం నుంచి మాటలు కూడబెట్టుకుని ఉన్నాను. నోరు తెరిస్తే వచ్చినవి వేరే. "ఈ పడుగు అయిపోనీయండి సార్, తర్వాత చూద్దాం."

ఆయనకు అర్థం కాలేదు. "అదెప్పుడు అయిపోతుంది?" అన్నాడు.

తిరిగి చూశాను. మగ్గం ముందు అమ్మ, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలను పైకి తోసుకుంటూ, కొత్త పోగులను పాత కొసలకు ముడివేస్తోంది. ఎడమ అంచు నుంచి మొదలుపెట్టింది.