మంచినీళ్లు తాగిన కారు

మా మేనమామని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. డెబ్బైల్లో, బందరు దగ్గర పల్లెలో ఆయనకి అప్పటికే పాతబడిన విదేశీ స్పోర్ట్స్ కారుండేది. రెండే సీట్లు. పక్క సీట్లో అత్తయ్య కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. బెజవాడ వెళ్లినప్పుడల్లా, లక్ష మైళ్లు దాటి మళ్లీ సున్నాల నుంచి మొదలైన మీటరుని అందరికీ చూపించి, "ఇంతవరకూ ఇంజను విప్పలేదండీ" అనేవాడు.

ఎందుకు విప్పాల్సి రాలేదో నాకు తెలుసు. ఆ ఊళ్లో బావులన్నీ ఉప్పే. అత్తయ్య కాలువ నుంచి బిందెతో మోసుకొచ్చిన మంచినీళ్లు ముందు రేడియేటరుకి, మిగిలితే ఇంటికి. "ఉప్పునీళ్లు దానికి పడవు" అనేవాడు, కండువాతో బానెట్ తుడుస్తూ, పసిబిడ్డ గురించి చెప్పినట్టు.

ఒక ఎండాకాలం కాలువలకి నీళ్లు కట్టేశారు. అత్తయ్య జ్వరంతో మంచం పట్టింది. ఆమె కోసం కుండలో మిగిలిన నీళ్లు నేను ముంచబోతుంటే, ఆయన కుండే ఎత్తుకుపోయి రేడియేటరులో వంపేశాడు. అత్తయ్య బావినీళ్లు తాగి కక్కుకుంది. ఆయన హారన్ కొట్టుకుంటూ బెజవాడలో ఎవరిదో పెళ్లికి వెళ్లిపోయాడు.

మామయ్య చనిపోయాక కారు కొనుక్కున్నాయన వచ్చి, "రేడియేటరులోకి కాసిని నీళ్లిప్పించండమ్మా" అన్నాడు. అత్తయ్య బావి వైపు నడిచింది.

"అవి ఉప్పునీళ్లటగా, దానికి పడవేమోనండీ!" అన్నాడాయన కంగారుగా.

"ఇన్నేళ్లూ నేను తాగలా? దాన్నీ తాగనివ్వండి" అంటూ అత్తయ్య చేద బావిలోకి వదిలింది.