అల్లుడు పట్టిన చేపలు

అల్లుడి పరువు మునగడానికి ఎంత లోతు నీళ్లు కావాలంటారు? నాకు నడుం లోతు సరిపోయింది. అదీ మిట్టమధ్యాహ్నం, అందరూ చూస్తుండగా.

పెళ్లైన కొత్త. మా బామ్మర్ది రమణకు సముద్రం ఒడ్డున, కుందాపుర దగ్గర ఉద్యోగం, అత్తగారూ అక్కడే ఉండేది. బాగేపల్లి నుంచి నేనూ నా భార్యా చూడ్డానికి వెళ్లాం. అత్తగారు చేపలకు బజారుకు బయలుదేరితే అడ్డం పడ్డాను.

"నేనుండంగా కొనేదేంది అత్తా? నువ్వు మసాలా నూరు. అన్నం పొద్దుకు చేపలు తెస్తా."

మా చెరువులో బెత్తెడు చేపలు పట్టిన అనుభవం నాది. పాపం, ఆమె నమ్మింది.

రమణ ఒడ్డున ఉండిపోయాడు. నేను తడి ఇసుక మీద నడిచి, దూరంగా అలల అంచున ఉన్న రాతిబండ ఎక్కి, మా ఊరి దగ్గరి గుడిబండె కోటను జయించినవాడిలా గాలం వేశాను. రెండు చేపలు పడ్డాయి, నిజం! బకెట్‌లో వేసి మురిసిపోతున్నాను.

"బావా, నీళ్లొస్తాండాయి! దిగొచ్చెయ్!"

"వానే లేదు కదరా, నీళ్లు యాడ నుంచొస్తాయి?"

"వానతో పన్ల్యా! సముద్రం పొంగుతాండాది!"

"మబ్బు తునక ల్యా. నాకు చెప్తాండావా?"

నన్ను తప్పు పట్టకండి. వాన పడినా చెరువు నిండని సీమ మాది. వాన లేకుండా నీళ్లు పెరుగుతాయంటే ఎట్లా నమ్మేది?

తలెత్తి చూసేసరికి వచ్చిన దారి లేదు. బండ ఇడ్లీ అంత మిగిలింది. దిగితే నడుం దాకా నీళ్లు. ఒక అల వచ్చి బకెట్‌ను బోర్లించింది. చేపలు రెండూ పుట్టింటికి వెళ్లిపోయాయి.

"బకెట్ పోనీ బావా!"

"మీ అమ్మకేం చెప్పేదిరా?"

"ముందు నువ్వుంటే కదా చెప్పేది!"

చివరికి రేవుకు తిరిగొస్తున్న పడవవాళ్లు నన్ను రెక్క పట్టి లాగారు. "యావూరు సార్?" అన్నాడొకాయన. "బాగేపల్లి" అన్నాను. జబ్బు పేరు తెలిసిన డాక్టరులా తలాడించి, జాలిపడి, తమ పెట్టెలోంచి నాలుగు చేపలు తీసిచ్చాడు.

ఊపిరి పీల్చుకున్నాను. రమణ చేత నోరు విప్పనని ఒట్టు వేయించి, చేపలు తీసుకెళ్లి అత్తగారి ముందు పెట్టాను.

"ఇప్పుడే పట్టినా అత్తా. ఇంకా ప్రాణముండాది, చూడు."

ఆమె ఒకదాన్ని వేలితో నొక్కి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏమప్పా, ఆ సముద్రంలో ఐసు గూడా ఉండాదా?"

రమణ ఒట్టు నిలబెట్టుకున్నాడు, నోరు విప్పలేదు. కానీ నేల మీద పడి దొర్లాడు.

ఆ పులుసు తింటూనే ప్రతిజ్ఞ చేశాను, నేటికీ తప్పలేదు: ఐసు పూర్తిగా కరిగేదాకా, చేపలతో అత్తగారి గడప తొక్కను.