జార్ ఇంటి స్తంభాలూ, నా ఫోటో

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో సిమెంటు, జిప్సం అచ్చులు పోసే వర్క్‌షాపులో నేను కొన్నేళ్ళు పనిచేశాను. ఎన్నో ఇళ్ళకు పోశాను గానీ గుర్తున్నది ఒక్కటే. రష్యా జార్ చక్రవర్తి ప్యాలెస్‌కు నకలు. ఎనభైల మొదట్లో ఒక అరబ్బు వ్యాపారి ఏదో పుస్తకంలో దాని ఫోటో చూసి మనసు పారేసుకున్నాడు. పసుపు గోడలు, వాటి ముందు రెండు వరసల తెల్ల స్తంభాలు, పైన త్రికోణం. మంచు దేశపు ఇల్లు ఇసుకలో లేవాలట.

మా ముదీర్, అంటే మేనేజరు, ఈజిప్టు మనిషి. ఎడమవైపు ఏది ఉంటే కుడివైపూ అదే ఉండాలని, ఈ కట్టడంలో ఏదీ మీద పడి అరవకూడదని వచ్చీరాని హిందీలో చెప్పేవాడు. నేను మొదటి స్తంభాన్ని కింది నుంచి పైదాకా ఒకే లావున పోసి మురిసిపోయాను. ఆయన చూసి, ఖలాస్, పగలగొట్టు అన్నాడు. మూడోవంతు ఎత్తు దాటాక కంటికి తెలియకుండా సన్నబడాలట. కంటికే తెలియనిదానికి ఇంత రభస ఎందుకని ఒళ్ళు మండింది. తీరా మళ్ళీ పోసి దూరం నుంచి చూశాక తెలిసింది. మొదటిది పాతిన గుంజ. ఇది నిలబడ్డ మనిషి.

అయినా లోపల డొల్లే. బరువంతా వెనకున్న కాంక్రీటు మోసేది. జార్ ఇంట్లోనూ లోపల ఇటుకే, పైన పూతే అని ముదీర్ చెప్పాడు. ఎందుకో అది విని కొంచెం ఊరట కలిగింది.

వర్క్‌షాపులో అందరూ పఠాన్లు, మలయాళీలు. తెలుగు మాట వినాలంటే మా ఆవిడ పంపే క్యాసెట్టే గతి. నేను షార్జా వచ్చిన అయిదు నెలలకు కూతురు పుట్టింది. క్యాసెట్లో ముందు దాని ఏడుపు వచ్చింది, తర్వాత కేరింతలు, ఆ తర్వాత మాటలు. ఒక్కటీ నా ఎదుట జరగలేదు. స్తంభాలకు నున్నగా గరుకు కాగితం రుద్దుతూ వాటితోనే తెలుగులో మాట్లాడేవాణ్ణి. నవ్వినవాళ్ళు నవ్వారు. ఆ బిడ్డ నన్ను గుర్తుపట్టాలి, అంతే నాకు కావలసింది.

పని అయిపోయాక, మనవాళ్ళంతా ఎవరిదో కారు ముందు నిలబడి ఫోటో దిగినట్టే, నేనూ ఆ ఇంటి ముందు నిలబడ్డాను. కెమెరా ఉన్న పఠాన్‌ను వెనక్కి, ఇంకా వెనక్కి పొమ్మన్నాను. అంత దూరమైతే నీ మొహం కనపడదన్నాడు. పడకపోతే పోనీ, పైన త్రికోణం తెగకూడదన్నాను. నా గొప్ప నాది మరి. ఆ ఫోటోనే ఇంటికి పంపాను.

ఫోటో పంపిన ఏడాదికి సెలవు దొరికింది. కూతురికి అప్పుడు మూడేళ్ళు. నన్ను చూసి తల్లి కొంగు చాటుకు పోయింది. బిస్కట్లు ఇస్తే తీసుకుని మళ్ళీ అక్కడికే పోయింది. సిగ్గేమో అనుకున్నాను. మా ఆవిడ నవ్వుతూ ఆ ఫోటో తెచ్చి దాని ముందు పెట్టింది. మీ నాయిన ఏడి, చూపియ్యి అంది.

అది తడుముకోకుండా ఫోటోలో నా పక్కనున్న స్తంభం మీద వేలు పెట్టింది. తర్వాత నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"ఈయన కాదు. మా నాయిన తెల్లగ, పొడూగ ఉంటడు."

మా ఆవిడ మొహంలో నవ్వు పోయింది. "దినాం పండేటప్పుడు ముద్దు పెడుతది," అంది మెల్లగా. "నీకే పెడుతదనుకున్న."

ఫోటో చేతిలోకి తీసుకున్నాను. ముద్దుల తడికి ఆ స్తంభం రంగు వెలిసిపోయి ఉంది. పక్కన గోరంత నేను, ఒక్క మరకా లేకుండా కొత్తగా ఉన్నాను.